నెలాఖరు పాసులు

ఆసుపత్రి కంప్యూటర్ గదిలో కాంట్రాక్టు మీద పనిచేసే ఆ మనిషిని అందరూ ముందస్తమ్మ అంటారు. గేటు పాసు గడువు ముగియడానికి వారం ముందే హెచ్చరించే చిన్న కంప్యూటరు ప్రోగ్రాము, షెల్ స్క్రిప్టు, ఆమె రాసిందే. కొందరు డాక్టర్లకు నెలల ముందు నుంచే ఆ కబుర్లు వెళ్లేవి. నవ్వుకున్నారు తప్ప, ఎందుకని ఎవరూ అడగలేదు. ఆమె కూడా.

రాత్రి డ్యూటీ దిగి వస్తుంటే ఊడ్చే ఆడవాళ్లంతా గేటు బయట నిలబడి కనిపించారు. ముందు ఆమె పిన్ని. పాసు పెడితే ఎర్రదీపం.

"నిన్నటితో సరి," అన్నాడు గార్డు.

"కబురు రాలేదే," అంది పిన్ని. " మా అమ్మాయి మెషీను నీలా కునుకు తీసే రకం కాదయ్యా."

ముందస్తమ్మ కంప్యూటర్ గదికి పరుగెత్తింది. స్క్రిప్టు తెరిచింది. తేదీలో అలవాటుగా రోజే ముందు రాసింది. నెల, ఏడాది ఆ తర్వాత. యంత్రం పాసు గడువును వారం తర్వాతి తేదీతో అలాగే ఎడమ నుంచి, ముందు రోజునే పోల్చింది. దానికి ముప్పై కన్నా వచ్చే నెల ఒకటే చిన్నది. కనుక నెలాఖరు పాసులకు ఇంకా బోలెడు గడువుందనుకుని నోరు మూసుకుంది. నెల మొదట్లో ముగిసే డాక్టర్ల పాసులకేమో నెలల ముందే తొందరపడింది. కాంట్రాక్టరు తన మనుషులందరికీ నెలాఖరు పాసులే ఇస్తాడు.

గేటు దగ్గరికి తిరిగొచ్చేసరికి బయట కాంట్రాక్టరు సూపర్‌వైజరు కాగితాలు పంచుతున్నాడు. "కొత్తగా చేరుతున్నామని వేలిముద్రలెయ్యండి."

వేస్తే పాత సర్వీసంతా బూడిదలో పోసిన పన్నీరే. పిన్ని బొటనవేలికి అప్పుడే సిరా అంటింది.

"ఆగు పిన్నీ. తప్పు నా స్క్రిప్టుది. పెద్దాఫీసరుకు రాసిస్తాను."

సూపర్‌వైజరు గొంతు తగ్గించాడు. "నీ పాసూ మేమిచ్చిందే. అదీ నిన్నటితో సరి. గేటు దాటావా, నువ్వూ కొత్తదానివే. లోపలుంటే నేను చూసుకుంటా."

కాగితాలు వరుసలో ముందుకు కదులుతున్నాయి. లోపలి నుంచి అరిస్తే ఎవరాగుతారు?

గేటు దాటింది. పిన్ని చేతిలోని కాగితం లాక్కుంది.

"ఎవరూ వెయ్యకండి."

వెనక గేటు మూసుకుంది. అలవాటుకొద్దీ పాసు పెట్టి చూసింది. ఎర్రదీపమే.

"రామ్మా," అని పిన్ని తన పక్కన చోటిచ్చింది.