లూసియన్ సాబ్ తెల్ల దారులు

ఆదివారం పొద్దున బాల్కనీలో కూర్చుని టీ తాగుతుంటే కింద రోడ్డు మీద సైకిళ్ల గుంపు ఒకటి పోతుంది. ఒంటికి అతుక్కుపోయిన బట్టలు, నెత్తిన టోపీలు, వెనక్కి తిరిగి చూడని హడావుడి. మా అపార్టుమెంటు ముందు రోడ్డు కాస్త వాలు. అక్కడికి రాగానే అందరూ తొక్కడం ఆపేస్తారు. అప్పుడు వెనక చక్రాలు టికటికమని చప్పుడు చేస్తాయి. ఆ చప్పుడు చెవిన పడిందంటే నా చేతిలోని టీ చల్లారాల్సిందే. "మళ్ల మస్కట్ వొయిండు" అని మా ఆవిడ నవ్వుతుంది. ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. డెబ్బైల నాటి ఒమన్‌కి, మస్కట్ పక్కన సీబ్ దగ్గరి మా కంపెనీ క్యాంపుకి, లూసియన్ సాబ్ దగ్గరికి నిజంగానే వెళ్లిపోతాను. నాకు పని నేర్పింది ఆయనే. నన్ను ఇంత అయోమయంలో పడేసి వెళ్లింది కూడా ఆయనే.

లూసియన్ సాబ్ ఫ్రాన్సు దేశస్థుడు. సీబ్ నుంచి లోపలి కొండల వైపు మా కంపెనీ వేస్తున్న తారు రోడ్డు ఎక్కడ తిరగాలి, ఎక్కడ దిగాలి అని నిర్ణయించే ఇంజనీరు. నేను జగిత్యాల నుంచి ఐటీఐ సర్టిఫికెట్టు పట్టుకుని వెళ్లిన డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఆయన పెన్సిలుతో గీసి ఇచ్చినదాన్ని ట్రేసింగ్ కాగితం మీద ఇంకుతో శుభ్రంగా దించడం నా డ్యూటీ. మనిషి బాగా పొడుగు, ఎండకు చెవులు ఎర్రగా కమిలిపోయి ఉండేవి. ఇద్దరికీ ఇంగ్లిష్ అంతంత మాత్రమే కాబట్టి మా మధ్య మాట తక్కువ, వేలు పెట్టి చూపించడం ఎక్కువ. గీతలో వెంట్రుకవాసి వంకర కనబడినా కాగితం చించేసేవాడు. "బండి నడిపేవాడికి మలుపు ఉందని తెలియకూడదు గంగా. తెలిసిందంటే మనం తప్పు చేసినట్టే" అనేవాడు. నా పేరు గంగాధర్. సగం దాకా వచ్చేసరికే ఆయన నాలుక అలసిపోయేది. కొన్నాళ్లు ఆయన తిట్లు తిన్నాక నా చెయ్యి దానంతట అదే వంకరలు తీసెయ్యడం మొదలుపెట్టింది. నాకు పని వచ్చేసిందని లోలోపల మురిసిపోయాను కూడా.

అలాంటిది ఒక శుక్రవారం, సెలవు రోజు, ఆఫీసుకి రమ్మని కబురు పంపాడు. కబురు తెచ్చింది డ్రైవర్ రహీమ్ భాయ్. ఆయనది కడప.

"ఏం గంగాధరూ, జుమ్మా పూట పిలిచినాడంటే యాందో ఉండాది. పెట్టె సర్దుకోనే పోరాదా?" అని భయపెట్టి మరీ పికప్ ఎక్కించాడు.

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. లోపలికి వెళితే లూసియన్ సాబ్ టేబుల్ మీద ఒక పాత మ్యాపు పరుచుకుని ఉన్నాడు. మడతల దగ్గర చిరిగి, టేపు అతికించి ఉంది. ఒమన్‌ది కాదు. వాళ్ల దేశంలో బర్గండీ అనే పల్లెటూళ్ల ప్రాంతానిది. ఎర్ర గీతలు పెద్ద రోడ్లు, పసుపువి మధ్యరకం, ఏ రంగూ లేని సన్నటి తెల్ల గీతలు పొలాల మధ్య నుంచి పోయే పల్లె దారులు అని చెప్పాడు. ఒక రైల్వే స్టేషన్ నుంచి తన సొంతూరి దాకా, ఆ తెల్ల గీతల్నే ఒకదానికొకటి కలుపుతూ, సైకిలు మీద పోయే దారి గీసి ఇవ్వాలట. ఎర్ర గీత మీద చక్రం పెట్టకూడదు. పసుపుది అడ్డం వస్తే దాటొచ్చు, దాని వెంట పోకూడదు.

"ఇట్ల చాలా చుట్టు తిరగాలి సార్. ఎర్ర రోడ్డు మీద పోతే సగం రోజులో చేరతారు" అన్నాను.

"దాని మీద బండ్లుంటాయి."

"బండ్లు రాని రోడ్డు ఎవరికి కావాలి సార్?"

వెటకారానికి అనలేదు, నిజంగానే అడిగాను. వారమంతా మేం చేసే పని బండ్ల కోసమే కదా. ఆయన నన్ను ఎదురుగా నిలబెట్టి, నా రెండు చెవుల పక్కన తన చూపుడువేళ్లు ఆడించాడు. కనిపిస్తున్నాయా అని అడిగాడు. కనిపిస్తున్నాయన్నాను. "నాకైతే కనిపించవు" అన్నాడు. ఆయన చూపు అంచుల నుంచి మూసుకుపోతోంది. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది మాత్రమే కనిపిస్తుంది, పక్కనుంచి వచ్చే బండి మీద పడేదాకా తెలియదు. ఆ కాస్త చూపూ ఎక్కువ కాలం ఉండదని డాక్టరు చెప్పేశాడట. అది పోయేలోపు ఒక్కసారి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, తన సైకిలు మీద తన ఊరికి తాను వెళ్లాలి. ఆయన కోరిక అంతే. పెద్ద మ్యాపు మొత్తం ఆయన చూపులో పట్టదు. అందుకని దారి ఒక్కటే, లావు గీతతో, బెత్తెడు వెడల్పు పట్టీలుగా కావాలి. ఎవరికీ చెప్పవద్దన్నాడు. నా ఉద్యోగం పోలేదని సంతోషించాలో, ఆయన చూపు పోతోందని ఏడవాలో తెలియక ఊరికే తల ఊపాను.

చివరి పట్టీ ముందు గీయమన్నాడు, తన ఊరి దగ్గరిది. వారం రోజులు సాయంత్రాలు కూర్చుని, వంపులు గీసే ప్లాస్టిక్ అచ్చులన్నీ ముందు పెట్టుకుని, నా జన్మలో గీయనంత అందంగా గీశాను. ఆయన దాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని కొంచెం కొంచెంగా జరుపుతూ చూశాడు.

"మర ఏది?"

"ఏ మర సార్?"

"పిండిమర. నీళ్లతో తిరిగేది. దారి దాని గోడ చుట్టూ తిరిగి పోవాలి. నీ దారి గోడలోంచి పోతోంది!"

అప్పుడు చూసుకున్నాను. మెలికలు తిరిగిన పల్లె దారిని నేను ఒమన్ హైవే చేసి పెట్టాను. మర దగ్గర తెల్ల దారి ఎడమకు చీలుతుంది. నా నున్నటి గీతలో ఆ చీలిక ఎటో కొట్టుకుపోయింది. "నీ గీతను నమ్మి నేరుగా పోతే ఎర్ర రోడ్డు మీద తేలతాను. పక్కనుంచి లారీ వస్తుంది. నేను చూడను" అన్నాడు నెమ్మదిగా. అరిచినా బాగుండేది. నాకు భయం వేసింది, దాని వెనకాలే ఒళ్లు మండింది. ఇంగ్లిష్ మరిచిపోయి మా ఊరి మాటలోనే అనేశాను.

"వారమంత వంకర తియ్యమంటరు. శుక్కురారం వంకర ఎందుకు తీసినవంటరు. నేనేం జెయ్యాలె సార్?"

ఒక్క ముక్క అర్థం కాకపోయినా నా గొంతు అర్థమైనట్టుంది. కుర్చీలో వెనక్కి వాలి ముఖం తుడుచుకున్నాడు. "ఇన్నేళ్లూ మలుపులు తీసెయ్యడమే నా పని. ఇప్పుడు నాకు దారి తెలిసేది మలుపులతోనే. ఏం చెయ్యాలో నాకూ తెలియదు గంగా" అన్నాడు. పై అధికారి నోటి నుంచి అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. ఆ రోజుకు ఇద్దరం ఖాళీగా కూర్చుని ఖర్జూరాలు తిని లేచాం.

ఆ తర్వాత అచ్చులు పక్కన పెట్టి ఉత్త చేత్తో గీశాను. వారమంతా చెయ్యి బిగబట్టి గీయడం, శుక్రవారం దాన్ని వదిలేయడం. ఆయన కళ్లు మూసుకుని చెప్పేవాడు. కాలువ గేటు కాపలావాడి ఇల్లు, దానికి నీలం తలుపు. తర్వాత వరసగా అక్రోటు చెట్లు. ఆడవాళ్లు బట్టలుతికే, పైకప్పున్న నీళ్ల తొట్టి. సోమవారాలు తెరవని రొట్టెల కొట్టు. "దారి మధ్యలో గడ్డి మొలిచి ఉంటే సరిగ్గా పోతున్నట్టు. గడ్డి లేకపోతే వెనక్కి తిరుగు" అనేవాడు. బయట చూస్తే ఎండ, ఇసుక, మా డంపర్లు. లోపల ఎన్నడూ చూడని ఊళ్లు నా చేతి కింద ఒక్కొక్కటే లేస్తున్నాయి. భోజనానికి రూమ్‌కి వెళ్లే దారిలో నేను ఏ దేశంలో ఉన్నానో ఒక్కోసారి నిజంగానే తికమకపడేవాణ్ని.

పట్టీలన్నీ పూర్తయ్యేనాటికి మా రోడ్డు కూడా ఒక ముక్క పూర్తయింది. ఇంకా బండ్లను వదలలేదు, రెండు చివర్లా డ్రమ్ములు అడ్డం పెట్టి ఉన్నాయి. ఒక శుక్రవారం తెల్లవారుతూనే రహీమ్ భాయ్ పికప్‌లో రెండు సైకిళ్లు వేసుకుని మమ్మల్ని అక్కడ దించాడు. సాబ్‌ది దేశం నుంచి తెచ్చుకున్న సన్నటి సైకిలు. నాది క్యాంపు వాచ్‌మన్‌ని బతిమాలి తెచ్చుకున్న బరువైన నల్ల సైకిలు. రెండు వైపులా బూడిదరంగు కొండలు, మధ్యలో చూపు ఆనినంత దూరం సూటిగా మేం గీసిన రోడ్డు.

"వెనక రా. చివరి పట్టీ చెప్పు" అన్నాడు.

"ఇక్కడ మలుపులే లేవు కద సార్?"

"నువ్వు చెప్పు."

చెప్పాను. "ఎడమకు, మర!" అని అరిచాను. అంత వెడల్పు ఖాళీ రోడ్డు మీద ఆయన ఎడమకు ఒరిగి, లేని గోడ చుట్టూ జాగ్రత్తగా తిరిగాడు. "కాలువ గేటు, కుడికి!" కుడికి ఒరిగాడు. వెనక నెమ్మదిగా వస్తున్న రహీమ్ భాయ్ తల బయటపెట్టి, "యాందబ్బా, పొద్దున్నే తాగినాడా సాబ్?" అన్నాడు. నాకు నవ్వూ ఆగలేదు, కళ్లలో నీళ్లూ ఆగలేదు. అంతలో వాగు వైపు దిగే వాలు వచ్చింది. ఆయన తొక్కడం ఆపి జారిపోయాడు. ఆయన వెనక చక్రం టికటికలాడుతూ దూరమైంది. అందుకుందామని నేను గట్టిగా తొక్కేసరికి నా చైను ఊడిపోయింది.

దిగి చైను పట్టుకున్నాను. ఆయన ఆగలేదు, నేను రావట్లేదని తెలిసినట్టు కూడా లేదు. అక్రోటు చెట్లు, కుడికి, అని అరవబోతే ఊపిరి అందలేదు. నేను అరవకముందే ఆయన కుడికి ఒరిగాడు. నీళ్ల తొట్టి దగ్గర ఎడమకు ఒరిగాడు. రొట్టెల కొట్టు ముందు వేగం తగ్గించాడు. నల్లబడ్డ చేతులతో రోడ్డు మధ్యన నిలబడి చూస్తూ ఉండిపోయాను. నా పట్టీలో ఊరు ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా అక్కడే దిగాడు. మేం పికప్‌లో చేరేసరికి రోడ్డు అంచున కూర్చుని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని ఉన్నాడు.

"చేరాను" అన్నాడు.

కొన్ని వారాలకు కంపెనీకి తన కళ్ల సంగతి ఆయనే చెప్పి, వెళ్లిపోవడానికి సిద్ధమయ్యాడు. బయలుదేరిన రోజు చూస్తే పట్టీల కట్ట టేబుల్ మీదే ఉంది. మరిచిపోయాడనుకుని రహీమ్ భాయ్‌ని తొందరపెట్టి సీబ్ ఎయిర్‌పోర్టుకు పరుగెత్తాను. ఆయన కట్ట అందుకుని, పైపట్టీ మీద బొటనవేలు ఒకసారి నడిపి, మళ్లీ నా చేతిలో పెట్టాడు.

"ఇది లేకుండా ఎట్ల పోతారు సార్?"

"నేను వెళ్లొచ్చాను కదా గంగా."

ఎప్పుడు, ఎక్కడికి అని అడిగేలోపే తిరిగి నడిచాడు. తలుపు అంచు కనిపించక భుజం కొట్టుకుంది. అక్కడున్న కుర్రాడు చెయ్యి పట్టుకోబోతే మర్యాదగా తప్పించుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆయన గురించి ఒక్క ముక్క తెలియలేదు. దారంతా నోటికి వచ్చేసింది కనుక పట్టీలు అక్కర్లేక వదిలేశాడని కొన్నాళ్లు అనుకుంటాను. అప్పుడు ఆయన తెల్ల దారుల మీద, నడుమ గడ్డి ఉందో లేదో చూసుకుంటూ హాయిగా వెళ్తుంటాడు. కాదు, ఆ శుక్రవారం ఒమన్ రోడ్డు మీద తొక్కిందే చాలనుకుని ఇంట్లో కూర్చుండిపోయాడని మరికొన్నాళ్లు అనుకుంటాను. అప్పుడు నాకు ఆయన మీద పట్టరాని కోపం వస్తుంది. అన్నేసి శుక్రవారాలు గీసింది దేనికి మరి? నేను ఫ్రాన్సు చూడలేదు, ఇక చూడను. కానీ ఆ స్టేషన్ దగ్గర ఎవరైనా దింపితే ఎర్ర రోడ్డు తొక్కకుండా ఆ ఊరికి ఇప్పటికీ వెళ్లగలను. వెళ్లి, ఆయన వచ్చాడా లేదా అని అడగాలని ఉంటుంది. దారి మొత్తం నాతో గీయించుకున్నాడు గానీ, ఊళ్లోకి వెళ్లాక ఏ తలుపు తట్టాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.