చిన్న మూటల పెద్దనాయన

పక్కింటి పెద్దనాయన పోయారన్న కబురు నాకు మాటల్లో రాలేదు. మా అమ్మకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు, చదువూ లేదు. ధర్మవరంలో నేను మగ్గం దిగి ఫోన్ చూసేసరికి తెర మీద అమ్మ ఉంది. రెండు చేతులతో మూట ముడి వేసినట్టు చూపింది. మా ఇద్దరి మధ్య అది ఆయన పేరు. తర్వాత అరచేతికి చెంప ఆనించి కళ్లు మూసుకుంది. ఎంతసేపటికీ తెరవలేదు.

ఆ పేరు వెనక ఒక సంగతి ఉంది. బెళుగుప్పలో మా వీధిలో సెల్ సిగ్నల్ నిలవదు. అమ్మ మాట్లాడాలంటే చేతులు కనపడాలి. అందుకని ఇంట్లో టెలిఫోన్ తీగ మీదే ఇంటర్నెట్ పెట్టించాను. రౌటర్‌లో లైట్లన్నీ వెలిగాయి, మెసేజీలు పోయాయి, వీడియో మాత్రం రాలేదు. చదవలేని మనిషికి మెసేజీలు దేనికి? చాలా రోజులు అమ్మ ముఖం చూడకుండానే గడిచాయి.

పెద్దనాయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. కోపిష్టి. ఎవరెవరినో అడిగి తెలుసుకుని, మా ఇంట్లో కూర్చుని రౌటర్ సెట్టింగులు తెరిచి, అక్కడి ల్యాండ్‌లైన్ నుంచే నాకు ఫోన్ చేశారు.

"పాకెట్ సైజు పదిహేను వందలు ఉండాది పాపా. ఈ తీగలో అంత పట్టదంట."

"అంటే ఏంది పెద్దనాయనా?"

"బొమ్మ మూటలు మూటలుగా వస్తాదంట, ఆ మూటే పాకెట్టు. బస్సు తలుపులో పట్టని మూటను తోస్తే పోతాదా? విప్పి చిన్న మూటలు కట్టాల. తగ్గిస్తాండా, చూడు."

తగ్గించడం, రౌటర్ ఆపి మళ్లీ వేయడం, "వచ్చెనా?" అని గదమడం. రాలేదంటే ఆ పెట్టెను తిట్టడం. పద్నాలుగు వందల తొంభై రెండుకు దించినా రాలేదు. ఇంకాస్త దించాక తెర మీద అమ్మ కదిలింది. నేను ఏడ్చేశాను. తానేం చేశారో అమ్మకు తెలియాలని ఆయన గాలిలో చిన్న మూట కట్టి చూపారు. అప్పటినుంచి అమ్మకు ఆయన పేరు అదే.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా, వీడియో వస్తోందో లేదో చూడటానికి ఆయనే వచ్చి మా అరుగు మీద కూర్చునేవారు. అమ్మ ముందు ఫోన్ ఆయన వైపు తిప్పేది. నేను కనపడగానే చేయెత్తి "రైట్, రైట్" అనేవారు. ఆ తర్వాతే మా తల్లీకూతుళ్ల కబుర్లు. ఎందుకింత శ్రమ అంటే, "అందరూ ఎక్కినారా లేదా చూడాల గదా" అని విసుక్కునేవారు. ఆయన పుణ్యమా అని నాకు మళ్లీ అమ్మ దక్కింది.

ఆ సెట్టింగు ఇంకా అలాగే ఉంది. నిన్న కరెంటు వచ్చాక అమ్మ కాల్ చేసింది. అలవాటుగా ఫోన్ అరుగు వైపు తిప్పింది. ఖాళీ బండ, దాని మీద ఎండ. బొమ్మ ఎక్కడా ఆగకుండా స్పష్టంగా వచ్చింది. అమ్మ ఫోన్‌ను అటే పట్టుకుని ఉండిపోయింది.

"రైట్" అన్నాను. ఆమెకు వినపడదు.