ముత్తయ్య తెరిచిన గేటు

రఘునాథ్ రెడ్డికి దేవుడంటే భయం తక్కువ, నిప్పంటే ఎక్కువ. జనగామ స్టేషన్ అవతల ఆయనకు పత్తి జిన్నింగ్ మిల్లు ఉండేది. దూది గుట్టలుగా పడి ఉండే చోట ఒక్క నిప్పురవ్వ చాలు, తాత ముత్తాతల ఆస్తి బుగ్గి కావడానికి. అందుకే గేటు దగ్గర ముత్తయ్య కూర్చుని, లోపలికి వచ్చే ప్రతి మనిషి దగ్గరా బీడీలు, అగ్గిపెట్టె తీసుకుని రేకుడబ్బాలో వేసుకునేవాడు. ఒకసారి యజమాని మామగారు వస్తే ఆయన్నీ వదల్లేదు. అల్లుడు నవ్వి ఊరుకున్నాడు గానీ, మామ ఆర్నెల్లు ఆ గడప తొక్కలేదు.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో ఊరు ఊరంతా భగ్గుమంది. బళ్లు మూతపడ్డాయి, రైళ్లు ఆగాయి. రఘునాథ్ రెడ్డి మాత్రం చందా అడిగిన పిల్లలకు చందా ఇచ్చాడు, చాయ్ అడిగిన పోలీసులకు చాయ్ పోయించాడు. వ్యాపారం చేసేవాడు గోడ మీద పిల్లి కాక ఏమవుతాడు? ఒక మధ్యాహ్నం లాఠీలు తరిమితే పదిహేను మంది కాలేజీ పిల్లలు మిల్లు గేటు మీదికి వచ్చి పడ్డారు. ముత్తయ్య ఎవర్నీ అడగలేదు. గేటు తీసి, వాళ్లను లోపలికి తోసి, మళ్లీ గొళ్లెం పెట్టాడు. ఆ హడావుడిలో అగ్గిపెట్టెలు అడగడం మరిచాడు.

మేడ మీది ఆఫీసు కిటికీలోంచి రఘునాథ్ రెడ్డి కిందికి చూస్తే, దూది గుట్ట వెనక నుంచి బీడీ పొగ లేస్తోంది. దిగి వెళ్లి, "బీడీ ఆర్పుండ్రి బిడ్డా" అంటే అయిపోయేది. పదహారు మెట్లు, అంతే. అవి దిగకుండా టెలిఫోన్ ఎత్తి పోలీసులకు చెప్పాడు. బెదిరించి పంపేస్తారనుకున్నాడు. బందోబస్తుకు బయటి నుంచి దిగిన బలగం ఉత్త బెదిరింపుతో పోతుందా? పిల్లలు వెనక గోడ దూకి పారిపోయారు. గేటుకు అడ్డం నిలబడ్డ ముత్తయ్య దొరికాడు. ఆ లాఠీ దెబ్బలకు ఐదో రోజు దవాఖానలో ప్రాణం పోయింది.

మిల్లు పటేలే పిల్లల్ని దాచిపెట్టాడు, అందుకే పోలీసులు మిల్లు మీద పడ్డారు అనుకుంది ఊరు. యజమాని మాట లేకుండా నౌకరు గేటు తీస్తాడని ఒక్కరికీ తట్టలేదు. రఘునాథ్ రెడ్డి అవుననలేదు, కాదనీ అనలేదు. మెడలో దండ పడుతుంటే సిగ్గుతో తల వంచాడు. జనం దాన్ని వినయం అనుకుని ఇంకో దండ వేశారు.

డెబ్భై ఒకటిలో ఎంపీ టికెట్ నడుచుకుంటూ ఇంటికొచ్చింది. ముత్తయ్య భార్య సాయమ్మను జీపు ఎక్కించి మానుకోట, గంగారం, టేకుమట్ల, భూపాలపల్లి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిప్పారు. ఆమెకు ఎవరూ మాటలు నేర్పలేదు. తను నమ్మిందే చెప్పేది:

"పటేల్ తియ్యమన్నడు, మా ఆయన గేటు తీసిండు. నా పెనిమిటి మీద ఒట్టు."

ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకుని ఓటేశారు.

రెండుసార్లు గెలిచాడు. ఢిల్లీలో ఈయన యాస విని కోస్తా ఎంపీలు ముసిముసిగా నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ అని జనగామలో రైలు ఆపమన్నాడు, అడవి ఊళ్లకు రోడ్లు వెయ్యమన్నాడు. కొన్ని సాధించాడు కూడా, కాదనలేం. సాయమ్మకు ఇల్లు కట్టించాడు, ఆమె బిడ్డను టీచరు ట్రైనింగు చదివించాడు. కానీ ప్రతి దసరాకు ఆమె జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కితే ఆ రోజంతా ఆయనకు ముద్ద దిగేది కాదు. తిట్టేవాళ్లను తట్టుకోవచ్చు, మొక్కేవాళ్లను ఎలా తట్టుకోవడం? ఆనాడు మిల్లు ఆఫీసుకు అన్నం తెచ్చిన భార్య మనోరమ ఆ టెలిఫోన్ మాట విన్నది. పదేళ్లూ నోరు విప్పలేదు. సాయమ్మ వచ్చే వేళకు మాత్రం వంటింట్లోకి వెళ్లిపోయేది.

డెబ్భై తొమ్మిది చివర్లో మళ్లీ ఎలక్షన్లు వచ్చాయి. సాయమ్మకు జీపు పంపాల్సిన రోజు రఘునాథ్ రెడ్డి తానే నడిచి ఆమె ఇంటికి పోయాడు. ఇంకోసారి ఆ ఒట్టు వినడం తనవల్ల కాదనుకున్నాడు. అరుగు మీద కూర్చుని పొగ సంగతి, మెట్ల సంగతి, టెలిఫోన్ సంగతి అంతా చెప్పేశాడు. ఏడ్చాడు కూడా. చాటలో బియ్యం ఏరుతున్న సాయమ్మ చెయ్యి ఆగింది. దుమ్మెత్తి పోస్తుందనుకున్నాడు. దానికి సిద్ధపడే వచ్చాడు. ఆమె ఇలా అడిగింది.

"గేటు తియ్యమని నువ్వు చెప్పలేదా పటేలా?"

లేదన్నాడు.

"అంటే మా ఆయన సొంతంగ తీసిండా?"

ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది. భర్త పోయిన ఇన్నేళ్లకు ఆయన ఎంత మనిషో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

"పదేండ్ల సంది ఆయన చేసిన పనిని నేనే నీకు కట్టబెట్టిన. ఒట్టేసి మరీ చెప్పిన. నిన్ను మాఫ్ చేసుడు తర్వాత చూద్దాం. జీపు తెప్పియ్యి. నేను ఒట్టేసిన ఊరూరికి పోదాం. గేటు ముత్తయ్య తీసిండని నువ్వే చెప్పాలె. పక్కన నేను నిలబడ్త."

టెలిఫోన్ సంగతి బయటపెట్టమని ఆమె అనలేదు. గేటు ఒక్కటే అడిగింది. ఆ మాత్రానికి రఘునాథ్ రెడ్డి గుండె తేలికపడాలి. కానీ ఆయన నోటి వెంట వచ్చిన మాట ఇది:

"ఎలక్షన్ అయిపోనీ సాయమ్మా."

అన్నాక, తను ఏమన్నాడో తనకే వినిపించి బిత్తరపోయాడు. సాయమ్మ చాట తీసుకుని లోపలికి పోయింది.

ఆ ఎలక్షన్‌కు ఆమె ఏ ఊరికీ రాలేదు, ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆయన మళ్లీ గెలిచాడు. ఎలక్షన్ అయిపోయింది. జీపు వాకిట్లోనే ఉంది, డ్రైవరూ ఉన్నాడు, ఊళ్లు ఎక్కడికీ పోలేదు. ఆ తర్వాత ఐదేళ్లు రఘునాథ్ రెడ్డి ఎంపీగానే ఉన్నాడు. ఒక్క ఊరికీ పోయి ఆ ఒక్క మాట చెప్పలేదు.