నేల మీద ఇరవై తొమ్మిది, ఉయ్యాలలో పదకొండు

నాకు కొలత టేపంటే పిచ్చి. ఆ పిచ్చి మా నాయన దగ్గర అంటుకుంది. ఆయన తిరుపతిలో దర్జీ. రైల్వే స్టేషను వెనక సందులో చిన్న అంగడి, ఒక మిషను, మెడలో ఎప్పుడూ వేలాడే పసుపుపచ్చ టేపు. కొలతలకు నిలబడ్డ మగవాళ్ళంతా ఊపిరి బిగబట్టి కడుపు లోపలికి లాక్కునేవాళ్ళు. నాయన టేపు వదిలేసి నవ్వేవాడు. "మామూలుగా నిలబడప్పా. ఇంటికాడ ఎట్ల ఉంటావో అట్ల ఉండు. ఇప్పుడు బిగబట్టినావంటే రేపు బొత్తాం పట్టదు, మళ్ళా నన్నే తిడతావు" అనేవాడు.

నేను దర్జీని కాలేదు గానీ టేపు మాత్రం వదల్లేదు. తొంభైల చివర్లో చిత్తూరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో చేరాను. పిల్లల్ని, పెద్దవాళ్ళని చూసుకునే ప్రైవేటు కేంద్రాలకు లైసెన్సు ఇవ్వచ్చో లేదో చూసి నివేదిక రాయడం నా పని. కిటికీలెన్ని, నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి, మరుగుదొడ్డికి గడియ పడుతుందా, పొయ్యికీ పిల్లలకూ మధ్య గోడ ఉందా, ఒక్కొక్కరికి ఎంత నేల ఉంది. వినేవాళ్ళకు ఆవలింతలు వస్తాయేమో, నాకు మాత్రం పండగ. నేను కొలిచి, నేను రాసి, నేను సంతకం పెడితే ఒక తలుపు తెరుచుకుంటుంది. లేదంటే మూసుకుంటుంది. ఆ సంతకం మీద నాకు కొంచెం గర్వం ఉండేది. కొంచెం ఏమిటి, చాలానే ఉండేది.

వారం ముందు ఉత్తరం పంపి, ఫలానా రోజు వస్తున్నామని చెప్పి తనిఖీకి వెళ్ళడం మా ఆఫీసు పద్ధతి. అందువల్ల నేను వెళ్ళేసరికి అందరూ ఊపిరి బిగబట్టి ఉండేవాళ్ళు. ఒక వృద్ధాశ్రమంలో కొత్త దుప్పట్ల మీద అంగడివాడు అంటించిన కాగితాలు అలాగే ఉన్నాయి. ఒక హాస్టల్లో ముందురోజే గోడలకు రంగు వేయించారు. నా పట్టుచీర కొంగు ఆ గోడకు తగిలి ఆకుపచ్చగా అయిపోయింది. "గోడలు శుభ్రముగా ఉన్నవి" అని పళ్ళు కొరుకుతూ రాసి వచ్చాను.

ఒక యేడు వేసవి మొదట్లో ఒక పిల్లల కేంద్రం ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. దాన్ని నడిపే ఆమెను అందరూ ఆయమ్మ అనే పిలిచేవాళ్ళు.

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. కాయలు దిగే రెండు మూడు నెలలూ వందలమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని కత్తులతో పండ్లు కోస్తారు. లోపల కత్తులు, ఆవిరి గొట్టాలు, జారే నేల. బిడ్డను చంకనేసుకుని వస్తే గేటు దగ్గరే ఆపేస్తారు. ఆయమ్మ కూడా ఒకప్పుడు ఆ వరసలో కూర్చున్న మనిషే. బొటనవేలు తెగి కత్తి పట్టుకోలేక మానేసింది. పక్కింటామె బిడ్డను చూసుకోవడంతో మొదలుపెట్టి, పాత పెంకుటింట్లో నలభై మంది పిల్లల దాకా వచ్చింది. సీజను కాని రోజుల్లోనూ తల్లులు కూలికి పోతూ బిడ్డల్ని అక్కడే వదిలేవాళ్ళు. లైసెన్సు లేకుండా నడుపుతున్నారని ఎవరో అర్జీ పెట్టారు. సీజను మొదలయ్యేలోగా లైసెన్సు రాకపోతే కేంద్రం మూసెయ్యాలని మా ఆఫీసు నుంచి నోటీసు పోయింది. అంటే ఆ నలభై మంది తల్లులకు ఆ యేడు పని లేనట్టే.

నేను వెళ్ళిన రోజు గుమ్మానికి మామిడాకులు కట్టారు. పిల్లలందరికీ తల నిండా నూనె, నుదుటి నిండా బొట్టు. లోపల ఒకే పెద్ద గది, రెండు పొడవాటి టేకు దూలాలు. నేల మీద పదకొండు ఇనప మడత మంచాలు పరిచి ఉన్నాయి. పెళ్ళివాళ్ళు విడిదింట్లో పడుకునేలాంటి పెద్ద మంచాలు. ఒక్కో మంచం నట్టనడుమ ఒక్కో పసిబిడ్డ, ఎడారిలో వదిలేసినట్టు. మిగతా పిల్లలు మంచాల మధ్య సందుల్లో ఇరుక్కుని కూర్చున్నారు.

ఆయమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. యాభై ఏళ్ళుంటాయి, సన్నటి మనిషి. "ఎట్ల ఉండాది మేడమ్?" అంది. గొంతులో గర్వం వినబడుతూనే ఉంది.

నేను టేపు తీశాను. గది పొడవు, వెడల్పు కొలిచాను. నిబంధన ప్రకారం సామాన్లు ఆక్రమించిన చోటు తీసెయ్యాలి. మంచాలు పోను మిగిలిన నేల పద్దెనిమిది మందికే సరిపోయింది. రెండోసారి కొలిచాను. పద్దెనిమిదే.

"నలభై మందికి కుదరదమ్మా. పద్దెనిమిది మందికైతే రాస్తాను. ఇరవై రెండు మందిని పంపించెయ్యాలి" అన్నాను.

ఆమె నన్ను చూసి, పిల్లల్ని చూసింది. అరవలేదు, ఏడవలేదు.

"యా ఇరవై రెండు మందిని పంపాల మేడమ్? మీరే చూపియ్యండి. నాకు చేతకాదు" అంది.

నాకు కోపం వచ్చింది. అడగాల్సిన ప్రశ్నే అడిగిందని తెలిసినప్పుడు వచ్చే కోపం అది. "చూపించడం నా పని కాదు" అని విసురుగా బయటికొచ్చేశాను. ఆ విసురులో టేపు అక్కడే మరిచిపోయాను. ఇంటికొచ్చి మా పాపకు అన్నం పెడుతున్నా ఆ మాట చెవిలోనే ఉంది. మా పాపకు అప్పటికి ఏడాది దాటింది. నేను ఆఫీసుకు పోతే మా అత్తమ్మ చూసుకునేది. నాకు అత్తమ్మ ఉంది. ఆ ఇరవై రెండు మందికీ ఎవరున్నారో నేను రాసే ఫారంలో అడగలేదు.

మర్నాడు టేపు కోసం వెళ్ళాను. ఉత్తరం లేదు, కబురు లేదు. గుమ్మంలోనే నిలబడిపోయాను.

మంచాలు ఒక్కటీ లేవు. రెండు దూలాలకూ పదకొండు చీర ఉయ్యాలలు వేలాడుతున్నాయి. ఎరుపువి, నీలివి, పూలవి, ఒకటైతే అంచు చినిగిన పెళ్ళి చీర. వాటిలో పసివాళ్ళు హాయిగా నిద్రపోతున్నారు. అన్ని ఉయ్యాలలకూ కలిపి ఒకే తాడు కట్టి ఉంది. ఆయమ్మ మూలన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ, కాలి బొటనవేలితో ఆ తాడు లాగుతోంది. పదకొండూ ఒక్కసారి ఊగుతున్నాయి. కింద నేలంతా ఖాళీ. అక్కడ మిగతా పిల్లలు అరుస్తూ రైలాట ఆడుతున్నారు.

"ఇవి నిన్న యాడికి పోయినాయి?" అన్నాను. ఆ ఉలికిపాటులో నాకూ మా ఇంటి మాటే వచ్చేసింది.

ఆయమ్మ గబగబా లేచి నిలబడింది. "తప్పుగా అనుకోబాకండి మేడమ్. ఆఫీసరమ్మ వస్తా ఉండాదంటే పాత చీరలు ఏం చూపిస్తామని దాచేసినాం. షామియానా అంగడాయన్ని బతిమాలి మంచాలు తెచ్చినాం. పద్ధతిగా ఉంటాదని."

మా నాయన నవ్వు నాకు అక్కడ వినబడింది. కడుపు బిగబట్టుకుని కొలతలిచ్చింది ఈమె! నేను కూడా ఆ బిగబట్టిన కడుపునే కొలిచి, సంతకం పెట్టబోయాను. నవ్వాపుకోలేక గడప మీదే కూర్చున్నాను. ఆమె భయపడి నీళ్ళు తెచ్చిచ్చింది.

నీళ్ళు తాగి, టేపు అడిగి తీసుకుని, మళ్ళీ కొలిచాను. మంచాలు లేకపోతే ఆ నేల ఇరవై తొమ్మిది మందికి సరిపోతుంది. నలభైకి ఇంకా పదకొండు తక్కువ. ఆఫీసుకెళ్ళి నిబంధనల పుస్తకం తెరిచాను. "నేలపై ఉండు ప్రతి శిశువునకు" అని ఉంది. నేలపై ఉండు. ఆ రెండు మాటలూ నేను అంతకు ముందు ఎన్నిసార్లు చదివి ఉంటానో!

పుస్తకం పట్టుకుని మా పెద్దాఫీసరు గదిలోకి దాదాపు పరిగెత్తాను. ఆయన భారీ మనిషి, నిదానస్తుడు. ఏ కాగితాన్నీ రెండుసార్లు చదవకుండా సంతకం పెట్టడు.

"సార్, దూలానికి కట్టిన ఉయ్యాలలో ఉన్న బిడ్డ నేల మీద ఉన్నట్టా, లేనట్టా?"

ఆయన కళ్ళజోడు తీశాడు. పుస్తకం తీసుకుని ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. "లేనట్టే" అన్నాడు చివరికి. "అయితే ఆ దూలం ఇరిగి పడితే ఎవురమ్మా జవాబు చెప్పేది? ఇంజనీరును తీసకపోదాం పద. నేనూ వస్తా."

ఇంజనీరు నిచ్చెనెక్కి దూలాలను సుత్తితో తట్టి చూశాడు. గట్టివే అన్నాడు. అయినా బరువు వేసి చూస్తేనే కాగితం ఇస్తానన్నాడు. పసివాళ్ళను దించి పక్క ఇంటికి పంపారు. బరువుకు ఏం వెయ్యాలి? బియ్యం మూట అడుగంటింది, కాయల గంపలు ఇంకా రాలేదు. నన్ను ఉయ్యాలలో కూర్చోమన్నారు. కొంగు బిగించి కూర్చున్నాను. ఆ ఉయ్యాల నన్ను లెక్కే చెయ్యలేదు.

"మేడమ్ బరువు చాలదు సార్" అన్నాడు ఇంజనీరు. అందరి చూపులూ ఒక్కవైపే తిరిగాయి.

పెద్దాఫీసరు దూలం వంక ఒకసారి చూశాడు. చెప్పులు విడిచి, జేబులోని పెన్ను తీసి నా చేతికిచ్చి, మెల్లగా ఆ పెళ్ళి చీర ఉయ్యాలలోకి దిగాడు. దూలం కిర్రుమనలేదు. గుమ్మం దగ్గర చేరిన తల్లులు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఆయమ్మ అలవాటు కొద్దీ తాడు మీద కాలేసింది.

"ఊపొద్దమ్మా!" అని అరిచాడాయన. పదకొండు ఉయ్యాలలూ అప్పటికే కదిలాయి. రెండు ఊపులయ్యాక ఆయన మొహం మారింది. "సరే, పరీక్ష పరీక్షే గదా. ఇంగో రెండు ఊపు" అన్నాడు.

ఇంక ఎవరమూ ఆగలేకపోయాం. ఇంజనీరు నిచ్చెన పట్టుకుని నవ్వాడు. నా ఉద్యోగంలో అంత సంతోషంగా ఉన్న పూట ఇంకొకటి లేదు. పెద్దాఫీసరు దిగి, చెప్పులేసుకుని, ఫైలు మీద "దూలముల సామర్థ్యమును స్వయముగా పరీక్షించితిని" అని రాశాడు. దాని కింద నేను రాశాను: "నేలపై ఇరవై తొమ్మిది, ఉయ్యాలలో పదకొండు. మించరాదు." పాకడం వచ్చిన బిడ్డను నేల లెక్కలోకి మార్చాలని కూడా చేర్చాను. కాయలు దిగడానికి నాలుగు రోజుల ముందు లైసెన్సు ఆయమ్మ చేతికి వచ్చింది.

జూన్ మొదట్లో గూడూరు నుంచి మా ఆడపడుచుకు నెలలు నిండాయని కబురొచ్చింది. అత్తమ్మ పెట్టె సర్దుకుంది. నాకు దిగులేమీ లేదు. ఆయమ్మ ఉంది కదా! ఉదయాన్నే మా పాపను చంకనేసుకుని ధీమాగా వెళ్ళాను. లోపల మామిడిపండ్ల వాసన. బిడ్డల్ని దింపుతున్న తల్లుల చీరల మీద ఎంత ఉతికినా పోని పసుపు మరకలు. గోడ మీద లైసెన్సుకు పటం కట్టించి, నాలుగు మూలలా పసుపు కుంకుమ బొట్లు పెట్టారు.

"మా పాపను చేర్చుకోవాల ఆయమ్మా" అన్నాను.

ఆమె మొహం వెలిగింది. పాప గడ్డం పుణికింది. "నడస్తాదా?" అంది.

జవాబు నేను చెప్పక్కర్లేకపోయింది. పాప నా చంకలోంచి జారి, తప్పటడుగులతో రైలాటలోకి దూరిపోయింది. ఆయమ్మ మొహంలో వెలుగు తగ్గింది. ఆమెకు చదువు రాదు. కానీ పటం దగ్గరికెళ్ళి, నా రాత మీద వేలు పెట్టి, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. "నేలపై ఇరవై తొమ్మిది, ఉయ్యాలలో పదకొండు. మించరాదు." ఎవరితోనో చదివించుకుని కంఠతా పట్టినట్టుంది.

"ఉయ్యాల ఒకటి ఖాళీ ఉండాది మేడమ్. నేల నిండిపోయింది."

"ఒక్క బిడ్డే కదా ఆయమ్మా. ఆ సంతకం నాదే!"

"మీదే గదా మేడమ్. నిన్న ఒకామె నడిచే బిడ్డను తీసుకోని ఏడస్తా వచ్చింది. ఆమెకూ ఇదే చూపిచ్చి పంపినా. ఇయ్యాల మీకు చోటు చేస్తే రేపు ఆమె మొహం ఎట్ల చూసేది? బడులు తెరిస్తే ఇద్దరు ఒకటో తరగతికి పోతారు. ముందు ఆమె బిడ్డ, తర్వాత మీ పాప. పది రోజులు ఓపిక పట్టండి."

పాపను లాక్కుని విసవిసా బయటికొచ్చాను. ఎంత పొగరు, నా కాగితం నాకే చూపిస్తుందా అనుకుంటూ వీధి మలుపు దాకా నడిచాను. మలుపు తిరిగాక నవ్వొచ్చింది. తర్వాత కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఎన్నో కేంద్రాలకు ఎన్నో అంకెలు రాశాను. నేను వెళ్ళిపోయాక ఆ అంకెలను ఎవరైనా ఖాతరు చేస్తారా అన్న అనుమానం నన్ను ఎప్పుడూ పీకుతూ ఉండేది. ఆ పొద్దు అది తీరిపోయింది. నా ఉద్యోగం మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

నేరుగా ఆఫీసుకెళ్ళి పది రోజుల సెలవు చీటీ రాశాను. కారణం అన్నచోట "శిశు కేంద్రంలో మా పాపకు ఖాళీ లేనందున" అని రాశాను. పెద్దాఫీసరు అలవాటు ప్రకారం రెండుసార్లు చదివాడు.

"లైసెన్సు రాసింది నువ్వే గదమ్మా. నీకే లేదన్నిందా?"

"ఒక్కరు కూడా మించకూడదంట సార్."

ఆయన బల్ల ఊగేలా నవ్వాడు. మంజూరు అని రాసి, చీటీ నా వైపు జరిపి, "ఆ కేంద్రానికి ఇంగ మనం తనిఖీకి పోయే పన్లేదులేమ్మా" అన్నాడు.

మా పాప అక్కడ చేరబోతోంది కాబట్టి నియమం ప్రకారం ఆ ఫైలు ఇంకో ఇన్‌స్పెక్టరుకు మార్చారు. బడులు తెరిచాక నేను మాత్రం వెళ్ళాను, రోజూ పొద్దున్నే, తల్లుల వరసలో నిలబడి, చంకలో పాపతో, చేతిలో టేపు లేకుండా.