కెమెరా మీది దిష్టి చుక్క

నా ల్యాప్‌టాప్ కెమెరా మీద ఒక నల్ల బొట్టుబిళ్ల అతికించి ఉంటుంది. మా ఆవిడ అట్ట నుంచి తీసి నేనే పెట్టాను. కోదాడలో మా అత్తగారు మొదటిసారి దాన్ని చూసి మురిసిపోయారు.

"దిష్టి చుక్క పెట్టారా బాబూ, మంచి పని చేశారు. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుంది."

నేను నవ్వి, ఆమెకు అరగంట పాఠం చెప్పాను. భయం మనుషుల కంటితో కాదు, కంప్యూటర్‌తోనే అన్నాను. మనం ఏం తెరిచామో, ఏం వెతికామో, ఎక్కడున్నామో లోపలి సిస్టమే కనిపెట్టి ఎక్కడికో పంపుతుందని చెప్పాను. ఆమె అంతా విని, "అయినా చుక్క మంచిదే" అన్నారు.

ఆ ఇంటికి నేను పెద్దల్లుణ్ని. సూర్యాపేటలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. టీవీ రాకపోయినా, మామగారి ఫోన్ నిండిపోయినా నాకే కబురు. ఆ మర్యాద నాకెంత ఇష్టమో అది చేజారే దాకా తెలియలేదు.

దాన్ని ఎగరేసుకుపోయింది మా సడ్డకుడు, అంటే మా మరదలి భర్త. కోదాడలో తోడల్లుడు అంటారు, మా వైపు సడ్డకుడే. మిర్యాలగూడ రైస్‌మిల్లులో ధాన్యం తేమ చూసే ఉద్యోగం. అతనికి పీసీ గేములు నేర్పింది నేనే. ఆదివారం మధ్యాహ్నాలు ఎవరింట్లో వాళ్లం కూర్చుని, హెడ్‌ఫోన్లలో మాట్లాడుకుంటూ ఒకే ఆటలో కార్లు తోలేవాళ్లం.

సిస్టం నిఘా మీద నాకు పంతం. సెట్టింగుల్లో ఒక్కొక్కటీ ఆపుకుంటూ పోయి, తెలియనివి కూడా ఆపేశాను. నిఘా ఆగిందో లేదో గానీ, ఆటలు తెరుచుకోవడం మానేశాయి. మళ్లీ అన్నీ ఆన్ చేసి, ఎవరికీ చెప్పకుండా ఆడుకున్నాను.

ఒకసారి మామగారితో కలిసి మిర్యాలగూడ వెళితే, అతని కంప్యూటర్‌లో మామూలు సిస్టం బదులు, నిఘా పెట్టదని పేరున్న లినక్స్ ఉంది. నా దగ్గర తడబడే కొత్త ఆట దాని మీద హాయిగా నడుస్తోంది.

"గీ ఆట లినక్స్‌ల ఎట్ల నడుస్తున్నది తమ్మీ?" అన్నాను.

"నడుమ ఒక పొర ఉంటదన్నా. ఆటేమో తన సిస్టం మీదనే ఉన్నననుకుంటది. శానా ఆటలు నడుస్తయి."

"మరి మన కార్ల ఆట? అది లినక్స్‌ను రానియ్యదు గద."

"దానికి ఇంకో డిస్క్ పెట్టిన. గాడ పాత సిస్టం, ఆట, గంతే. మెయిల్ లేదు, ఫొటోలు లేవు. అది పెట్టేటప్పుడు ఈ లినక్స్ డిస్క్‌ను పీకేస్త. సూస్తే సూసుకోని, ఏముంటది గాడ?"

నేను రెండేళ్లుగా చదువుతున్న సంగతి, నాలుగు మాటల్లో తేల్చేశాడు. పక్కనే కూర్చున్న మామగారు, "ఇక మీదట నా ఫోన్ కూడా నువ్వే చూడు" అని అతని చేతికిచ్చారు. నాకు కడుపు భగ్గుమంది. మెచ్చుకోవాలని తెలిసీ, చాయ్ గ్లాసు పట్టుకుని బయటికి వెళ్లాను.

ఆ తర్వాత నేను చేసిన పని ఏ సిస్టమూ చేయదు. మేం ఆటలు కొనుక్కునే గేమ్ స్టోర్ యాప్‌లో స్నేహితుల జాబితా ఉంటుంది. ఎవరైనా ఆడుతుంటే పేరు పచ్చగా వెలుగుతుంది, ఏ ఆట ఆడుతున్నారో కూడా చూపిస్తుంది. ల్యాబులో ఒక బ్యాచ్ పోయి ఇంకోటి వచ్చేలోపు అతని పేరు చూసేవాణ్ని. ఎప్పుడొచ్చాడు, ఎంతసేపున్నాడు అన్నీ గుర్తుపెట్టుకునేవాణ్ని. ఒక వారం రోజూ పొద్దున, పనివేళలో పచ్చగా కనిపించాడు.

ఆ ఆదివారం కోదాడలో అందరం భోజనానికి కూర్చున్నాం. ఊరుకోలేకపోయాను.

"మిల్లుల పని తక్కువున్నట్టుంది తమ్మీ. వారం సంది పొద్దుగాల పదకొండింటికే ఆడుతున్నవ్."

మామగారి చేయి కంచంలో ఆగింది. మిల్లు నిలిచిపోయి వారమైందట. మళ్లీ నడిచేదాకా ఈ ఇంట్లో చెప్పొద్దని భార్యాభర్తలు అనుకున్నారట. "మోటరు కాలిందన్నా, చేయిస్తున్నరు" అని మాత్రం అన్నాడు. మా మరదలు లేచి వంటింట్లోకి వెళ్లింది. మామగారు పెరుగు వేసుకోకుండానే లేచారు.

ఆ సాయంత్రం సూర్యాపేట బస్సెక్కాం. మునగాల దాటాక మా ఆవిడ, "ఆయన పొద్దుగాల ఆడుతున్నడని నీకెట్ల తెలుసు?" అని అడిగింది. నేను టికెట్ల కోసం జేబులు తడుముకున్నాను.

మర్నాటి నుంచి అతని పేరు, ఆటలో లేనట్టుగా, బూడిద రంగులోకి మారింది. మిల్లు నడిచిందని మా ఆవిడ ద్వారానే తెలిసింది. నెల తర్వాత, సిగ్గు విడిచి నేనే ఫోన్ చేసి, నా కంప్యూటర్‌కూ లినక్స్ పెట్టమని అడిగాను. సూర్యాపేట వచ్చాడు. ఏమీ జరగనట్టే మాట్లాడుతూ అన్నీ పెట్టాడు, రెండో డిస్క్ కూడా బిగించాడు.

"జాబితాల నీ పేరు పచ్చగ కనబడ్తలేదేంది, దాసిపెట్టినవా? అదిగూడ సిస్టంకు తెల్వొద్దనా?" అన్నాను, నవ్వుతూ.

అతను స్క్రూ తిప్పుతూనే ఉన్నాడు.

"సిస్టంకు భయపడి కాదన్నా. దానికి నా మీద కడుపుమంట ఎందుకుంటది?"

చాయ్ తాగి మిర్యాలగూడ బస్సెక్కాడు. ఇప్పుడు నా ఆటలు బాగా నడుస్తాయి, నన్ను గమనించేవాళ్లు లేరు. అతని పేరు ఇంకా బూడిద రంగులోనే ఉంది. అయినా రోజూ ఒకసారి చూస్తాను.