మిరియం కోసం ప్రార్థన

మేముండే ఇర్వింగ్‌లో ఇండియన్ స్టోర్ తలుపు తీయగానే వేయించిన వేరుశనక్కాయల వాసన తగిలితే నాకు నోరూరదు, విసుగొస్తుంది. నేను ఆరో తరగతి చదివిన ఏడాది, ఆ వాసన మధ్యనే, మా అపార్ట్‌మెంట్ కార్పెట్ మీద కూర్చుని నాయనమ్మకి ఒక నవల చెప్పడానికి పడ్డ అవస్థంతా గుర్తొస్తుంది.

ఆగస్టు ఎండల్లో బాపట్ల నుంచి వచ్చింది నాయనమ్మ. ఇంగ్లీషు రాదు, బైబిలు మాత్రం కంఠతా వచ్చు. స్కూల్లో మాకు హిట్లర్ నాటి జర్మనీలోని ఒక యూదుల కుటుంబం కథ ఇచ్చారు: గడియారాలు బాగుచేసే తండ్రి, తల్లి, మిరియం, ఆమె తమ్ముడు దానియేలు. ఆ పేర్లు వినగానే నాయనమ్మకి సొంత చుట్టాలు దొరికినంత సంబరం. రోజూ నేను స్కూల్ బస్సు దిగేసరికి కాయల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, ఒలిచిన గింజలు నా చేతిలో పోస్తూ, నిన్న ఆపిన చోటు నుంచి తెలుగులో చెప్పమనేది. చెప్పనిస్తే కదా.

"గడియారాల కొట్టు పోతే పోయింది, పిల్లల్ని తీసుకుని ఎటన్నా పొమ్మనవే ఆ మనిషిని."

"ఎవరూ వీసా ఇవ్వట్లేదు నాయనమ్మా."

వీసా అన్న మాట ఆమెకు బాగా తెలుసు. నాన్న హెచ్‌వన్‌బి పొడిగింపు కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్న ఏడాది అది. కాసేపు ఒలవడం మానేసి, మళ్ళీ తేరుకునేది. "బైబిల్లో ఫరో రాజు మాత్రం యూదుల్ని ఊరికే పంపించాడా? సముద్రం చీలి దారిచ్చుద్ది చూడు." ప్రతి అధ్యాయం చివరా ఇదే. ఇందులో సముద్రం లేదని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

డిసెంబరులో అమ్మ క్రిస్మస్ అరిసెలు వండుతుంటే పొగకి అలారం మోగడం, నాన్న కుర్చీ ఎక్కి తువ్వాలు విసరడం, ఆ గోలలోనే కథ సైనికులు మిరియం వాళ్ళను శిబిరానికి రైలెక్కించే దాకా వచ్చింది. వాళ్ళెవరూ తిరిగిరారని నేను ముందే చదివేశాను. చెప్పలేక, మిగతాది రేపన్నాను.

ఆ ఆదివారం, మా తెలుగు చర్చి సంఘం అద్దెకు తీసుకున్న హాల్లో, పాస్టరుగారు ప్రార్థన విన్నపాలు అడిగారు. ఒకరు గ్రీన్ కార్డన్నారు, ఒకరు ఉద్యోగమన్నారు. నాయనమ్మ లేచి, "మిరియం, దానియేలు, వాళ్ళమ్మా నాన్నా రైల్లో ఉన్నారు. వాళ్ళ కోసం చెయ్యండి" అని కూర్చుంది. హాల్లోని నలభై మందీ తలలు వంచారు. అయ్యాక ఒక ఆంటీ నా దగ్గరికొచ్చి, "ట్రైన్‌లో ఎందుకొస్తున్నారమ్మా? ఎవరైనా పికప్ చేసుకోవాలా?" అని అడిగింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కారెక్కగానే కోపమంతా కక్కేశాను. "అది నావెల్ నాయనమ్మా. వాళ్ళు రియల్ కాదు. అందరూ చనిపోతారు."

"నిజంగా ఎవరూ పోలేదా అట్టా?"

"పోయారు. చాలామంది."

"వాళ్ళ పేర్లు తెలుసా నీకు?"

తెలియవన్నాను.

"నాకూ తెలవదు. వీళ్ళ పేర్లే తెలుసు" అని కిటికీ వైపు తిరిగింది. ఆ సాయంత్రం చివరి అధ్యాయమంతా ఒక్క మాటకీ అడ్డు రాకుండా విన్నది.

నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మా సంఘానికి సొంత భవనముంది, గోడంత తెర ఉంది. విన్నపాలు శనివారానికల్లా ఫోన్‌లో ఫారం నింపి పంపాలి. ఎవరి కోసమో, వాళ్ళు మనకేమవుతారో రాయకపోతే అది ముందుకు కదలదు. పేర్లు తెలియనివాళ్ళ కోసం రెండుసార్లు దానితో కుస్తీ పట్టి వదిలేశాను. ఎవరు, ఎక్కడివాళ్ళు అని అడక్కుండానే ముందు తల వంచిన ఆ నలభై మంది ఇప్పుడు ఏ హాల్లోనూ లేరు.