ఖరగ్‌పూర్‌లో కట్టిన సద్ది

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం మీద నేను విశాఖ బండి కోసం చూస్తుంటే, ఒక తెలుగు ముసలామె డ్యూటీలో ఉన్న కొడుక్కి డబ్బాలో వేడన్నం తెచ్చింది. దాన్ని "సద్ది" అంది. నేను భాషా పండితుణ్ణని చెప్పుకుని, చల్లారిన అన్నమే చల్ది అనీ, అదే చద్ది అయిందనీ పాఠం చెప్పాను.

"మా రైల్వేవోళ్లకి అలగ్గాదు బావూ. ఇంకొకలు కట్టిచ్చిందే సద్ది. మనకి మనం కట్టుకున్నది ఉత్త తిండే. మీకెవులు కడతారు?"

"మా ఆవిడే. పులిహోర, దద్ధోజనం..."

"ఏటీ, తియ్యండి సూద్దుం."

నా డబ్బాలో ఉన్నది నేను చేసుకున్న ఉప్మా. పండితుణ్ణి కాననీ, ఆవిడ పోయి ఆరేళ్లయిందనీ ఒప్పుకున్నాను.

ఆమె నా డబ్బాకు తన చేతిగుడ్డ చుట్టి, ముడేసి ఇచ్చింది. "దారిలో తినండి."

ఆకలేసినా విశాఖ దాకా ఆ ముడి విప్పబుద్ధి కాలేదు.